మనవరాలి నాటకాల గురించి నాన్నగారికి

చికాగో

పూజ్యులైన నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. మీ మనవరాలు కాలేజీ వేళలయ్యాక, ముందుగా రాసుకున్న సంభాషణలేవీ లేకుండా వేదిక మీద అప్పటికప్పుడు హాస్యం అల్లే నాటకాలు నేర్చుకుంటోందని అన్నయ్య చెప్పినప్పటి నుంచి మీరు సరిగా భోంచేయడం లేదని అమ్మ అంది. ఆ వేషాలు అన్నం పెడతాయా అన్న మీ ప్రశ్న నాకూ లేకపోలేదు. ఫోనులో మీ గొంతు వినగానే నాకు మాట తడబడుతుంది కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఈ విద్య వేళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి. హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో శిక్షణ పొందిన వయోలా స్పోలిన్, వలస కుటుంబాల పిల్లలు బెరుకు పోయి కలిసిపోయేందుకు కొన్ని నాటకపు ఆటలు కల్పించారు. ఆమె కుమారుడు పాల్ సిల్స్ మరొకరితో కలిసి 1955లో కంపాస్ ప్లేయర్స్ అనే, ఇలాంటి నాటకాలాడే బృందాన్ని ప్రారంభించినప్పుడు, తరువాత రచయిత్రిగా, దర్శకురాలిగా పేరు తెచ్చుకున్న ఎలైన్ మే అందులో నటించారు. సురభి పిల్లల్లాగే ఆవిడ కూడా తండ్రి నాటక సమాజంతో ఊళ్లు తిరుగుతూ పెరిగారు. చిన్ననాడే బడి మానేశారని, ఇక్కడి విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకోకుండానే తరగతుల్లో కూర్చునేవారని రాస్తే మీరు కళ్లజోడు తీసి పక్కన పెడతారని తెలుసు. మన పిల్ల చదువు మానదు, ఆ పూచీ నాది.

తోటి నటుడు మైక్ నికోల్స్‌తో కలిసి ఆవిడ చేసిన ఒక హాస్య సన్నివేశంలో, రాకెట్ శాస్త్రవేత్త అయిన కొడుకు ఫోను చేయలేదని తల్లి దెప్పుతూ దెప్పుతూ చివరికి అతణ్ణి పసివాణ్ణి చేసి వదులుతుంది. నికోల్స్‌కు తన తల్లి నుంచి వచ్చిన ఫోనే దానికి మూలమట. అది విని నేను నవ్వుతూనే ఉన్నాను గాని, నవ్వు ఆగాక వెంటనే అమ్మకు ఫోను చేశాను.

వాళ్లిద్దరి ప్రదర్శన 1960లో న్యూయార్క్‌లోని జాన్ గోల్డెన్ థియేటర్‌కు చేరింది. ఆ తరువాత ఎలైన్ మే నడిచిన దారి పూలబాట కాదు. 1971లో తానే రాసి, దర్శకత్వం వహించి, కథానాయికగా నటించిన 'ఎ న్యూ లీఫ్' సినిమాను స్టూడియో కత్తిరిస్తే, తన పేరు తీసేయమని కోర్టుకెక్కి ఓడిపోయారు. 1987లో తీసిన మరో సినిమా ఘోరంగా నష్టపోయాక కథాచిత్రాలకు మళ్లీ దర్శకత్వం వహించలేదు, రచన మాత్రం మానలేదు. ఈ కష్టాలు దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు.

2018లో, ఎనభై ఆరేళ్ల వయసులో, ఆవిడ అదే జాన్ గోల్డెన్ థియేటర్‌లో జ్ఞాపకశక్తి కోల్పోతున్న ఒక వృద్ధురాలిగా నటించి, మరుసటి ఏడాది ఉత్తమ నటిగా, ఇక్కడి నాటకరంగంలో పెద్ద గౌరవమైన టోనీ పురస్కారం అందుకున్నారు. ఆ పాత్ర గురించి చదువుతుంటే, చివరి రోజుల్లో మిమ్మల్నే "ఎవరబ్బాయివి నాయనా" అని అడిగిన నాయనమ్మ కళ్ల ముందు మెదిలింది. మీరు విసుక్కోకుండా ప్రతిసారీ కొత్తగా పరిచయం చేసుకునేవారు. ఎదుటివాడు ఏమంటే దాన్ని కాదనకుండా అందుకుని కథ నడపాలనే ఈ నాటకాల తరగతిలో మీ మనవరాలికీ నేర్పుతున్నారు.

అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నారా? ఆదివారం చిన్నది ఫోను చేసినప్పుడు మార్కుల గురించి తప్పకుండా అడగండి, కాని తరువాత నాటకంలో ఏం చేస్తున్నావని కూడా ఒక్క మాట అడగండి. మీరు అడిగేదాకా తనంతట తాను చెప్పదు.

ఇట్లు,
మీ అమ్మాయి