చెమ్మకు కారణం చూడకుండానే డాబాకు కోటింగ్ వేశారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పరీక్ష చేయకుండా వాటర్‌ప్రూఫింగ్ చేయడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

విజయవాడలోని మా ఇంట్లో పడకగది గోడకు చెమ్మ పట్టి పెచ్చులు రాలుతుంటే, పోయిన వర్షాకాలంలో మీ సంస్థను పిలిచాం. మీ ఇంజనీర్ వచ్చి గోడను తడిమి చూసి, డాబా మీద ఓ చుట్టు తిరిగి, స్లాబ్ లీకవుతోందని తేల్చేశారు. డాబా మొత్తానికి కోటింగ్ వేసి, గోడకు పుట్టీ పెట్టి, పూర్తి బిల్లు తీసుకున్నారు.

ఏప్రిల్‌లో చినుకైనా లేని ఎండల్లో అదే గోడ తడిసింది. పుట్టీ ఉబ్బింది, దాని కింద ఉప్పు తేలింది.

పైనుంచి దిగే నీరైతే సీలింగ్‌లోనో గోడ పై అంచునో ముందు కనబడాలి. మా సీలింగ్ పొడిగానే ఉంది. మచ్చ నడుము ఎత్తులో మొదలై కిందికి, పక్కలకు పాకింది. గోడకు అవతల బాత్రూం, గీజర్ ఉన్నాయని మా అమ్మ చెప్పినా మీ ఇంజనీర్ వినిపించుకోలేదు.

ఫోన్ చేస్తే మీవాళ్లు రాలేదు. చివరికి మా వీధి ప్లంబర్ పైపులకు ప్రెషర్ పంపు పెట్టి, చల్లనీళ్ల లైను, వేడినీళ్ల లైను విడివిడిగా చూశాడు. చల్లనీళ్ల లైనులో పంపు మీటరు ఒత్తిడి చూపే ముల్లు కదల్లేదు, అంటే లీకు లేదు. వేడినీళ్ల లైనులో మాత్రం చూస్తుండగానే పడిపోయింది. టైల్స్ పగలగొడితే జీఐ ఎల్బో (జింక్ పూత ఇనుప పైపును మలుపులో కలిపే ముక్క) మరల దగ్గర తుప్పు పట్టి సన్నగా కారుతోంది. ట్యాంకు నీటి ఒత్తిడి ఆ లైనులో ఎప్పుడూ ఉంటుంది కనుక, ట్యాప్ తిప్పకపోయినా గోడ నానుతూనే ఉంది. ఎల్బో మార్చాక చెమ్మ ఆగింది.

మీ కోటింగ్ నాణ్యత మీద నాకు ఫిర్యాదు లేదు. అది మాకు అవసరమే లేని పని. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి: ఆ గోడకే స్విచ్ బోర్డు ఉంది, దాని పక్కనే అమ్మ మంచం. లీకు ఆగిందన్న మీ మాట నమ్మి నెలల తరబడి ఆమెను అక్కడే పడుకోనిచ్చాం. ఈ సంగతి తెలిశాక ఇంట్లో అందరం ఎంత టెన్షన్ పడ్డామో మాటల్లో చెప్పలేను.

కోటింగ్‌కు, పుట్టీకి తీసుకున్న మొత్తం వాపసు ఇవ్వండి. గోడకు మళ్లీ ప్లాస్టరింగ్ చేయించే ఖర్చూ మీరే భరించాలి. ఏ పరీక్ష ఆధారంగా స్లాబ్ లీకేజీ అని తేల్చారో రాతపూర్వకంగా తెలపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

బిల్లు, ఫొటోలు జతపరిచాను. తుప్పు పట్టిన ఎల్బో నా దగ్గరే ఉంది, ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

ఇట్లు,
మీ వినియోగదారు