చెరువు గట్టు నుంచి కృతజ్ఞతలు

కళ్లకు లేజర్ చికిత్స జరిగి నేటికి మూడు నెలలు. నిన్న రాజమహేంద్రవరంలో చూపించుకుంటే, కళ్లద్దాలు లేకుండా 6/6 వరుస రెండు కళ్లతోనూ చదివాను. ఇది ఎవరి పుణ్యమో నలుగురికీ చెప్పాలని రాస్తున్నాను.

మాది భీమవరం దగ్గర రొయ్యల చెరువుల ఊరు. నాది మైనస్ అయిదున్నర పవర్. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల తుంపర పడి అద్దాలు మసకబారితే, రాత్రిపూట చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందో లేదో చూడడానికి అన్నయ్యే రావాల్సి వచ్చేది.

మొదట వెళ్లిన చోట అరగంటలో చూసి, వచ్చే వారమే లేజర్ చేసేస్తామన్నారు. అన్నయ్యకు మనసొప్పలేదు, రాజమహేంద్రవరం తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మగారు నా పాత చీటీలు అడిగి తీసుకుని, ఏడాదిలో అర పాయింటు పెరిగిందని గమనించి, "పవర్ నిలకడగా ఉండాలి బాబూ, వచ్చే ఏడాది రా" అని పంపేశారు. ఆ రోజు ఆవిడ మీద కోపం వచ్చింది. ఈ రోజు మొదటి నమస్కారం ఆవిడకే.

ఏడాది తర్వాత వెళ్తే కొలతలు తీసే అమ్మాయి, కాంటాక్ట్ లెన్సులు మానేసి ఎన్నాళ్లయిందని అడిగింది. పెళ్లికని రెండు రోజుల క్రితం పెట్టుకున్నానని చెప్పాను. లెన్సు ఒత్తిడికి నల్లగుడ్డు ఆకారం కొద్దిగా మారుతుందట, కొలత తప్పితే లేజరూ తప్పుతుందట. రెండు వారాలు ఆగి రమ్మంది. వెళ్లినప్పుడు ఒక్కో కన్ను మూడేసి సార్లు కొలిచింది. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, మందం 488 మైక్రాన్లు, కాస్త పలచనే. లాసిక్ అనే లేజర్ పద్ధతిలో ముందు దాని పైన ఒక పొర కోసి తెరవాలి కాబట్టి, నాకు అలా పొర కోయని పీఆర్‌కే అనే పద్ధతి మేలని డాక్టరమ్మగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. నొప్పి ఎక్కువని, చూపు తేటపడడానికి వారాలు పడుతుందని కూడా దాచలేదు.

లేజర్ కొన్ని సెకన్ల పనే. వెంట్రుక కాలిన వాసన, టకటకమనే చప్పుడు, పక్కనే ఆవిడ గొంతు: "దీపాన్నే చూడు, అయిపోవచ్చింది."

ఆ తర్వాత మూడు రోజులు మాత్రం నరకం. పుండు మానేదాకా కట్టులా పెట్టిన లెన్సు కింద కళ్లు మండిపోతుంటే, వదిన కిటికీలకు దుప్పట్లు కట్టి, గడియారం చూసుకుంటూ చుక్కలు వేసింది. రాత్రి రెండింటికి కూడా లేచింది. స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చాం. ఆ చుక్కల వల్ల కంటి లోపలి ఒత్తిడి పెరగకుండా చూడడానికి డాక్టరమ్మగారు ప్రతిసారీ పిలిపించారు. నెల రోజులు నన్ను చెరువు ఛాయలకు రానివ్వకుండా అన్నయ్య ఒక్కడే రెండు చెరువులూ చూసుకున్నాడు.

మొన్న రాత్రి టార్చి వెలుగులో ట్రే పైకి లాగాను. రొయ్యల మీసాలు, వీపులో నల్లని పేగు గీత, అన్నీ విడివిడిగా కనిపించాయి. అన్నయ్యా, ఇక రాత్రి కాపలా నాది. నువ్వు ఇంట్లో పడుకో.