బీమా అంబుడ్స్‌మన్ గారికి: పాలసీ ఆపేస్తే మిగతా డబ్బు ఎటు పోతోందో కంపెనీని లెక్క అడగండి

హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ గారికి నమస్కారం.

బీమా కంపెనీల మీద పాలసీదారుల ఫిర్యాదులు విని తీర్పు చెప్పేది మీరు. మా అమ్మ ఫిర్యాదు మీ ఆఫీసులో ఉంది. దాని నంబరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆమె ఒక్కదాని గొడవ కాదు. ఎఫ్‌డీ రెన్యువల్ చేయించుకుందామని బ్యాంకుకి వెళ్తే "దీంట్లో ఇంకా ఎక్కువొస్తుందమ్మా" అని చెప్పి ఏటా యాభై వేలు కట్టే ఎండోమెంట్ పాలసీ (బీమాతో పాటు పొదుపు ఉండి, గడువు తీరాక డబ్బొచ్చేది) అంటగట్టారు. రెండోసారి కట్టాక, ఇంక నావల్ల కాదు, ఆపేస్తానంది. కట్టిన లక్షకి ముప్పై వేలు వస్తాయన్నారు. మిగతా డెబ్భై వేలు ఏమయ్యాయని రాస్తే, "సరెండర్ వాల్యూ (మధ్యలో ఆపేస్తే వెనక్కొచ్చే సొమ్ము) పాలసీ నిబంధనల ప్రకారమే లెక్కించాం" అని ఒక్క లైను జవాబు.

నిబంధనల్లో ఉన్న మాట నిజమే. అమ్మ పాలసీ తీసుకున్నప్పుడు ఉన్న రూల్ ప్రకారం రెండో ఏడాదిలో ఆపితే కట్టిన డబ్బులో కనీసం 30 శాతం, మూడో ఏడాదిలో 35, నాలుగు నుంచి ఏడు దాకా 50. కనీసం ఇంతైనా ఇవ్వండి అని పెట్టిన అంకె అది. ఇంతకన్నా ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు అన్నట్టు దాన్నే మాకు చూపిస్తున్నారు.

అదే బ్యాంకులో, అదే రోజు అమ్మకి ఎండోమెంట్ బదులు యూలిప్ (మన డబ్బుని మార్కెట్లో పెట్టే బీమా పాలసీ) అమ్మి ఉంటే? ఏటా యాభై వేలకి పైన కట్టే యూలిప్‌ని మొదటి ఏడాదిలోనే మానేసినా డిస్‌కంటిన్యుయెన్స్ ఛార్జీ, అంటే మధ్యలో మానేసినందుకు పట్టుకునే సొమ్ము, 6,000 రూపాయలు దాటకూడదని బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ పరిమితి పెట్టింది, ఐదో ఏడాది నుంచి ఆ ఛార్జీయే ఉండదు. డబ్బు ఐదేళ్లు లాకిన్‌లో ఉంటుంది, మార్కెట్ రిస్కు ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ పాలసీ మూసేయడానికి కంపెనీకి అయ్యే ఖర్చు ఒక దాంట్లో ఆరు వేల లోపే అయితే ఇంకో దాంట్లో డెబ్భై వేలు ఎలా అవుతుంది? అది రద్దు ఖర్చు కాదండీ. అందులో పెద్ద ముక్క పాలసీ అమ్మిపెట్టిన వాళ్లకి మొదటి ఏడాదే వెళ్లిపోయిన కమీషన్ అని ఈ వ్యాపారం తెలిసిన ఎవరినడిగినా చెప్తారు.

ఇది అన్యాయమని ఐఆర్‌డీఏఐకి కూడా అనిపించబట్టే 2024 జూన్‌లో మాస్టర్ సర్క్యులర్ తెచ్చి, అక్టోబర్ 1 నుంచి అమ్మే పాలసీల్లో ఒక ఏడాది పూర్తి ప్రీమియం కట్టినా స్పెషల్ సరెండర్ వాల్యూ (ఆపేసిన పాలసీకి విడిగా లెక్కకట్టి ఇచ్చే సొమ్ము) ఇవ్వాలంది. హెల్త్ పాలసీ అయితే ఇప్పుడు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, క్లెయిమ్ చేయకపోతే మిగిలిన కాలానికి డబ్బు లెక్కకట్టి వెనక్కిస్తారు. మంచి మార్పులే. మరి అంతకుముందు కొన్నవాళ్లు ఏం పాపం చేశారు? పాత పాలసీల రూల్ మార్చడం మీ చేతిలో లేదని తెలుసు, దాని గురించి ఐఆర్‌డీఏఐకి వేరుగా రాశాను.

మీ చేతిలో ఉన్నది వేరే. 2017 అంబుడ్స్‌మన్ నియమాల ప్రకారం పాలసీ షరతుల్ని తప్పుగా చెప్పి అమ్మడం మీరు విచారించదగ్గ విషయం, మీరిచ్చే అవార్డుకి కంపెనీ కట్టుబడి తీరాలి. కాబట్టి విచారణలో "కోత పాలసీ కాగితంలో రాసి ఉందా" అన్న దగ్గర ఆగిపోకండి. "సంతకానికి ముందు ఆ మాట చెప్పారా" అని అడగండి. చెప్పామని రుజువు చేయాల్సింది కంపెనీ. చెప్పలేదని డెబ్భైకి దగ్గరపడిన మనిషి ఏ కాగితం తెచ్చి రుజువు చేస్తుంది?

అమ్మ తెలుగులో సంతకం పెట్టింది. అప్లికేషన్ మొత్తం ఇంగ్లీషు. అలాంటప్పుడు వివరాలన్నీ ఆమె భాషలో చదివి చెప్పానని ఇంకొకరు డిక్లరేషన్ ఇవ్వాలి. మా కాపీలో ఆ సంతకం పాలసీ అమ్మిన బ్యాంకు ఉద్యోగిదే! అమ్మిన మనిషే తాను సరిగ్గా చెప్పానని తనకి తానే సాక్ష్యం ఇచ్చుకుంటే దాన్ని ఆధారం అంటారా? అన్నీ అర్థమయ్యాయా అని కంపెనీ ఫోన్ చేసి అడిగే వెరిఫికేషన్ కాల్ సంగతీ అంతే, "ఏం అడిగినా ఎస్ అనండమ్మా" అని ఆ ఉద్యోగే ముందుగా నేర్పి పెట్టాడు.

అందుకని నా విన్నపం ఇది. విచారణ రోజున ఆ కాల్ రికార్డింగ్, ఏ ఏడాదిలో ఎంత వస్తుందో చూపిస్తూ అమ్మ సంతకం తీసుకున్న బెనిఫిట్ ఇలస్ట్రేషన్ కాగితం, డెబ్భై వేలలో కమీషన్ ఎంత, బీమా రక్షణకి అయింది ఎంత, కంపెనీ దగ్గర మిగిలింది ఎంత అన్న లెక్క, మూడూ తెమ్మని కంపెనీకి ముందే నోటీసు ఇవ్వండి. తేలేకపోతే కట్టిన మొత్తం వెనక్కి ఇప్పించండి. అమ్మ స్వయంగా వస్తుంది. ఆమెను తెలుగులోనే ప్రశ్నలు అడగండి, కంపెనీ తరఫున వచ్చేవాళ్లని కూడా ఆమెకి అర్థమయ్యేలా తెలుగులోనే జవాబు చెప్పమనండి.

ఇట్లు,
ఒక పాలసీదారు కూతురు