హామ్ కేంద్రాలు: సెట్టు కంటే ముందు కేబుల్ లెక్క

సంపాదకులకు,

వరదల వేళ హామ్ రేడియో (లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు నడిపే వైర్‌లెస్) ఎలా ఉపకరిస్తుందో వివరిస్తూ మీ జిల్లా సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు వీధుల్లోకి వచ్చిన సంగతి ఇంకా మరవని కర్నూలులో ఒక కళాశాల గానీ, ఒక కార్యాలయం గానీ సొంతంగా హామ్ కేంద్రం పెట్టుకోవాలని అనుకోవడం మెచ్చదగిన ఆలోచనే. అయితే రేడియో సెట్టు ఎన్ని వాట్లది కావాలో, యాంటెన్నా ఎంత ఎత్తున ఉండాలో వివరంగా రాసిన ఆ వ్యాసం, ఆ రెండింటినీ కలిపే కో-యాక్సియల్ కేబుల్ (మధ్యలో తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ఆపైన లోహపు అల్లిక ఉండేది) విషయాన్ని ‘తగిన కేబుల్‌తో’ అన్న రెండు మాటలతో ముగించింది. ఇలాంటి కేంద్రాల కోసం రాసే కొనుగోలు పత్రాల్లోనూ తరచుగా ‘50 ఓమ్ కేబుల్, 30 మీటర్లు’ అని మాత్రమే ఉంటుంది. అంతటితో వదిలేస్తే 50 వాట్ల సెట్టుకు డబ్బు కట్టి పన్నెండు వాట్లు వాడుకునే పరిస్థితి రావచ్చు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

50 ఓమ్ అన్నది కేబుల్ ఇంపెడెన్సు, అంటే అందులో పోయే సిగ్నల్ వోల్టేజికీ కరెంటుకూ ఉండే నిష్పత్తి. అది సెట్టుకూ యాంటెన్నాకూ పొత్తు కుదురుతుందా లేదా అని చెబుతుందే తప్ప, దారిలో ఎంత సిగ్నల్ పోతుందో చెప్పదు. హామ్‌లు ఎక్కువగా వాడే ఆర్జీ-58, ఆర్జీ-213, ఎల్ఎంఆర్-400 మూడూ 50 ఓమ్ కేబుళ్లే. స్థానిక సంభాషణలకు వాడే రెండు మీటర్ల బ్యాండులో, అంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర, వంద మీటర్లకు ఆర్జీ-58లో దాదాపు 20 డెసిబెళ్లు (సిగ్నల్ ఎన్నో వంతుకు తగ్గిందో చెప్పే కొలత), ఆర్జీ-213లో ఎనిమిదిన్నర, ఎల్ఎంఆర్-400లో 5 డెసిబెళ్లు నష్టమవుతాయి. కింది అంతస్తు గదిలో సెట్టు, మూడంతస్తుల మిద్దె మీద గొట్టానికి యాంటెన్నా అనుకుంటే, గోడల మలుపులన్నీ కలుపుకొని 30 మీటర్ల కేబుల్ పట్టడం వింతేమీ కాదు. ఆ పొడవుకు ఆర్జీ-58 వేస్తే 6 డెసిబెళ్లు పోతాయి. ప్రతి 3 డెసిబెళ్లకూ పవర్ సగమవుతుంది గనుక 50 వాట్లలో యాంటెన్నాకు చేరేది పన్నెండున్నర. అదే పొడవు ఆర్జీ-213లో సుమారు 28 వాట్లు, ఎల్ఎంఆర్-400లో 35 వాట్లు చేరతాయి. మిగిలినదంతా కేబుల్‌లో వేడిగా మారిపోతుంది.

ఇక్కడ గమనించవలసింది, నష్టం వాట్ల లెక్కన కాక నిష్పత్తి లెక్కన జరుగుతుందని. సుంకేసుల దగ్గర కె.సి. కాలువలోకి వదిలిన నీరంతా కడప చివరి ఆయకట్టుకు చేరదని మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. కేబుల్‌లోనూ ప్రతి మీటరూ తన ముందుకు వచ్చిన దానిలో ఒక వంతు మింగి మిగిలినది వదులుతుంది. కాబట్టి సెట్టును 50 నుంచి 100 వాట్లకు పెంచితే కేబుల్ మింగేదీ రెట్టింపవుతుంది. పైగా ఫ్రీక్వెన్సీ పెరిగిన కొద్దీ ఈ మింగుడు పెరుగుతుంది. 435 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 30 మీటర్ల ఆర్జీ-58 పదకొండు డెసిబెళ్లకు పైగా తినేసి 50 వాట్లలో నాలుగు వాట్లయినా మిగల్చదు. ఆర్జీ-213 పదహారు, ఎల్ఎంఆర్-400 ఇరవై ఏడు వాట్లు పైకి పంపుతాయి. ఆ బ్యాండులో పని చేయాలనుకునేవారు అంత పొడవుకు ఆర్జీ-58 వైపు చూడకపోవడమే మేలు.

దీనికి కారణం రెండు చోట్ల ఉంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు రాగి లోపలికి పోకుండా పైపొరలోనే పారుతుంది. దీన్ని స్కిన్ ఎఫెక్ట్ అంటారు. అందువల్ల సన్నని తీగలో నిరోధం ఎక్కువ. మధ్యలో ఉండే ప్లాస్టిక్ కూడా కొంత శక్తిని వేడిగా మారుస్తుంది. ఈ వాటా ఇంకా పై ఫ్రీక్వెన్సీల్లో గట్టిగా కనబడుతుంది. ఆర్జీ-58 మందం 5 మిల్లీమీటర్లు మాత్రమే. ఆర్జీ-213, ఎల్ఎంఆర్-400 రెండూ దాదాపు పది మిల్లీమీటర్లవే అయినా రెండోదానిలో నష్టం తక్కువ కావడానికి కారణం, గట్టి పాలిథిన్ బదులు గాలి బుడగలున్న నురుగు ప్లాస్టిక్ వాడి, అదే మందంలో లోపలి తీగను లావు చేయగలగడం, పైన అల్లికతో పాటు రేకు కూడా చుట్టడం.

అలాగని ఆర్జీ-58 పనికిరాని సరుకని నేను అనను. 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే హామ్‌లు నలభై మీటర్ల బ్యాండని పిలిచే చోట, 30 మీటర్ల ఆర్జీ-58లో పోయేది ఒక డెసిబెల్‌కు కాస్త ఎక్కువ. రిసీవర్ల మీద ఉండే ఎస్-మీటరులో ఒక గీత అంటే 6 డెసిబెళ్లు గనుక అవతలి వ్యక్తి ఈ తేడాను పసిగట్టలేడు. మిద్దె మీద ఏదో ఒక తీగ లాగి కడప ఆకాశవాణిని మీడియం వేవ్‌లో హాయిగా విన్న తరానికి, తీగ నాణ్యత గురించి ఇంత పట్టింపు ఎందుకో అర్థం కాకపోవడానికి కారణం ఇదే. అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆ పట్టింపు నిజంగానే అవసరం లేదు. ఇలాంటి తక్కువ ఫ్రీక్వెన్సీల షార్ట్‌వేవ్ కోసం డైపోల్ (రెండు తీగల యాంటెన్నా) ఒక్కటే కట్టుకునేవారు ఖరీదైన లావు కేబుల్ కొని డబ్బు తగలేసుకోవద్దని కూడా ఇదే ఉత్తరంలో చెప్పాలి.

అసలు నేను ముందుగా అడిగే ప్రశ్న ‘ఏ కేబుల్’ అని కాదు, ‘ఎంత పొడవు’ అని. సెట్టును కింది గది నుంచి పై అంతస్తుకు మార్చి కేబుల్‌ను పది మీటర్లకు కుదిస్తే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు ఆర్జీ-58లో పోయేది రెండు డెసిబెళ్లే. యాంటెన్నాకు 31 వాట్లకు పైగా చేరతాయి. అంటే పది మీటర్ల చౌక కేబుల్, 30 మీటర్ల ఆర్జీ-213 కంటే మెరుగు. వరద కోసమే పెట్టుకునే కేంద్రాన్ని కర్నూలు లాంటి ఊళ్లో నేల అంతస్తులో పెట్టడంలో ఉన్న అసందర్భం సరేసరి. నీళ్లు మొదట చేరే గదిలో సెట్టునూ బ్యాటరీనీ ఉంచి, ఆ తప్పుడు చోటు కారణంగా అదనపు కేబుల్‌కు కూడా డబ్బు కట్టడం ఎందుకో ఆలోచించాలి. పై అంతస్తులో చిన్న గది దొరకకపోతే మెట్ల గది మలుపులో ఒక తాళం వేసే బీరువా చాలు.

వాట్ల గురించి మాట్లాడేటప్పుడు వినడం గురించి మరచిపోతాం. వరద నీటిలో తిరిగే వాలంటీరు చేతిలో ఉండేది అయిదు వాట్ల చేతి సెట్టు, పొట్టి రబ్బరు యాంటెన్నా. అతని మాట కేంద్రానికి చేరడమే కష్టం. మన మాట అతనికి చేరడం సులువు. కేబుల్‌లో 6 డెసిబెళ్లు పోతే వచ్చే సిగ్నల్‌లోనూ అంతే పోతుంది, అంటే అతని అయిదు వాట్లు మనకు ఒకటింపావు వాట్లలా వినబడతాయి. కేంద్రంలో సెట్టు పవర్ ఎంత పెంచినా ఈ లోటు తీరదు. షార్ట్‌వేవ్‌లో ఆకాశం నుంచి వచ్చే రొద సిగ్నల్‌తో పాటే తగ్గుతుంది గనుక కేబుల్ నష్టం వినడానికి అడ్డు కాదు. 145 మెగాహెర్ట్జ్ ఉండే వీహెచ్ఎఫ్‌లో ఆ రొద చాలా తక్కువ కాబట్టి రిసీవర్‌కు ముందు పోయిన ప్రతి డెసిబెల్లూ బలహీనమైన మాటను అంత మేరకూ ముంచుతుంది. ఉపగ్రహాలను వినేవారు యాంటెన్నా దగ్గరే ప్రీ-ఆంప్లిఫయర్ (సిగ్నల్‌ను కేబుల్‌లోకి వెళ్లే ముందే పెంచే పరికరం) బిగిస్తారు. అయితే మాట్లాడేటప్పుడు దాన్ని దారి తప్పించే రిలే, దానికి పైదాకా కరెంటు, ఇవన్నీ అత్యవసర కేంద్రంలో చెడిపోయే భాగాలను పెంచుతాయి. ఆ డబ్బు మంచి కేబుల్ మీద పెట్టడమే నాకు సమ్మతం.

చౌకలో మంచి కేబుల్ కావాలనేవారికి ప్రతి వీధిలో దొరికే డిష్ కేబుల్, అంటే ఆర్జీ-6, ఒక దారి. అది 75 ఓమ్‌లది కావడం వల్ల హామ్‌లలో చాలామంది దాన్ని ముట్టుకోరు. కానీ 50 ఓమ్ యాంటెన్నాకు 75 ఓమ్ కేబుల్ కలిపితే అక్కడ ఎస్‌డబ్ల్యూఆర్ (పొత్తు ఎంత కుదిరిందో చెప్పే అంకె; పూర్తిగా కుదిరితే 1) 1.5 అవుతుంది, వెనక్కి మళ్లేది 4 శాతం పవర్. 145 మెగాహెర్ట్జ్ దగ్గర దాని నష్టం మాత్రం అంతకంటే ఎక్కువ ధర పలికే ఆర్జీ-213కు దగ్గరగానే ఉంటుంది. నిజానికి మధ్యలో గాలి ఉన్న కేబుల్‌లో నష్టం అతి తక్కువయ్యేది 77 ఓమ్‌ల దగ్గర, పవర్ అత్యధికంగా మోయగలిగేది 30 ఓమ్‌ల దగ్గర. 50 అన్నది ఆ రెండింటి మధ్య రాజీ. కనుక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్ మీద వచ్చే మాటలు వినాలనుకునే విద్యార్థికి ఆర్జీ-6 చక్కగా సరిపోతుంది. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. దాని అల్లిక సాధారణంగా అల్యూమినియంది గనుక టంకం పట్టదు, ఎఫ్ కనెక్టరు నొక్కి బిగించాల్సిందే. చాలా రకాల్లో లోపలి తీగ రాగి పూత పూసిన ఉక్కు. అయస్కాంతం పెడితే తెలిసిపోతుంది. వీహెచ్ఎఫ్‌లో కరెంటు ఆ పూతలోనే పారుతుంది కాబట్టి ఇబ్బంది లేదు, షార్ట్‌వేవ్ కింది బ్యాండుల్లో అది ఉక్కులోకి దిగి నష్టం పెరుగుతుంది.

కేబుల్ చెడిందో లేదో ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చెబుతుందని నమ్మేవారు ఎక్కువ. ఆ మీటరు సెట్టు పక్కన పెడితే అది చూపేది నిజం కాదు, కేబుల్ కప్పిపుచ్చిన నిజం. 6 డెసిబెళ్ల నష్టమున్న కేబుల్ చివర యాంటెన్నా పూర్తిగా ఊడిపోయినా, పోయే సిగ్నల్ 6, తిరిగి వచ్చే సిగ్నల్ మరో 6 కోల్పోతాయి కాబట్టి కింద మీటరు 1.7 లోపే చూపిస్తుంది. ఆపరేటరు అంతా బాగుందని తృప్తి పడతాడు. ఇదే గుణాన్ని పరీక్షగా వాడుకోవచ్చు. చివర ఏమీ తగిలించకుండా నానోవీఎన్ఏ లాంటి చిన్న పరికరంతో రిటర్న్ లాస్ (పంపిన దానికంటే తిరిగి వచ్చిన సిగ్నల్ ఎన్ని డెసిబెళ్లు తక్కువో) కొలిస్తే, వచ్చిన అంకెలో సగం ఆ కేబుల్ నష్టం. కొత్త చుట్ట తెచ్చిన రోజే ఇది కొలిచి రాసి ఉంచుకుంటే, రెండేళ్ల తర్వాత ఎంత దిగజారిందో వాదన లేకుండా తేలుతుంది.

దిగజారడం మన వైపు మరీ త్వరగా జరుగుతుంది. మామూలు పీవీసీ తొడుగులోని మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం ఎండకు మెల్లగా లోపలి ప్లాస్టిక్‌లోకి ఇంకి నష్టాన్ని పెంచుతుంది. అందుకే ఆ గుణం లేని తొడుగు వేసిన రకాన్ని అడిగి తీసుకోవాలి. పట్టికల్లో ఉండే అంకెలు సాధారణంగా 20 డిగ్రీల వేడికి చెప్పినవి. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది, కేబుల్ నష్టం అందులో సగం చొప్పున; మే నెల మిద్దె మీద నల్ల తొడుగు 60 డిగ్రీలకు వేడెక్కిందనుకుంటే నష్టం ఎనిమిది శాతం పెరుగుతుంది. ఆరు డెసిబెళ్లు ఆరున్నర అవుతాయి, అంతకు మించి భయపడనవసరం లేదు. నిజమైన శత్రువు నీరు. అందరూ వాడే పీఎల్-259 కనెక్టరుకు నీటిని ఆపే గుణం లేదు. ఒక్క వాన చుక్క లోపలికి దిగితే అల్లిక ఒత్తిలా పీల్చుకొని మీటర్ల కొద్దీ నల్లబరుస్తుంది. యాంటెన్నా దగ్గర ఎన్ కనెక్టరు వాడి, దాని మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టి, గోడలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి వంచి ఒక వలయం వదిలితే నీరు అక్కడే జారిపోతుంది. నురుగు ప్లాస్టిక్ కేబుల్‌ను ఎండలో గట్టిగా మడిచి కట్టేయకూడదు. మెత్తబడిన ప్లాస్టిక్‌లో లోపలి తీగ పక్కకు జరిగిపోతుంది.

ఒక మాట దుకాణాల గురించి. ఆర్జీ అన్న పేర్లు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం పెట్టుకున్నవి. ఇప్పుడు ‘ఆర్జీ-213 టైప్’ అని తొడుగు మీద ముద్రించినంత మాత్రాన ఆ కొలతలు లోపల ఉన్నట్టు కాదు. పలచని అల్లిక ఉన్న కేబుల్ చేతికి తేలిగ్గా తగులుతుంది, తొడుగు ఒక అంగుళం ఒలిచి చూస్తే లోపలి ప్లాస్టిక్ అల్లిక సందుల్లోంచి తెల్లగా కనబడుతుంది.

కాబట్టి జిల్లాలో ఇకపై హామ్ కేంద్రాలకు కొనుగోలు పత్రం రాసేవారు ‘50 ఓమ్ కేబుల్’ అన్న మాట దగ్గర ఆగకుండా, ‘145 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు నష్టం 9 డెసిబెళ్లకు మించకూడదు, తయారీదారు నష్టం పట్టిక జత చేయాలి, బిగించాక మొత్తం నష్టం కొలిచి చూపాలి’ అని మూడు ముక్కలు చేర్చాలని కోరుతున్నాను. 435 మెగాహెర్ట్జ్ కూడా వాడేట్లయితే ఆ ఫ్రీక్వెన్సీకి వేరే అంకె రాయాలి. తరువాతి వ్యాసంలో మీ విలేఖరి ఇలాంటి నష్టం పట్టికను పాఠకుల ముందు పెడితే, కొనేవారికి అడగవలసిన ప్రశ్న తెలుస్తుంది.

ఒక హామ్ లైసెన్సుదారు,
కర్నూలు