కువైట్‌లో నాకు అండగా నిలబడ్డ వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం అండి. నేను కువైట్ నుంచి ఇంటికి వచ్చి నెల దాటింది. వచ్చిన దగ్గర్నుంచీ ఈ మాటలు రాయాలని అనుకుంటున్నాను, కూర్చుంటే ఏడుపొచ్చి ఆగిపోతున్నాను. ఇవాళ మా అమ్మాయి పక్కన కూర్చుని టైప్ చేస్తోంది. మాటలు నావే. నాకు సాయం చేసిన వాళ్ళ పేర్లు మాత్రం రాయడం లేదు. వాళ్ళలో చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు, ఇంకొకరి వీసా మీద, ఇంకొకరి ఇంట్లో పని చేసుకుంటున్నారు. నా వల్ల వాళ్ళకి మాట రాకూడదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది.

మాది కోనసీమ. మా ఆయన కొబ్బరి దింపు పని చేసేవారు. చెట్టు మీద నుంచి పడి నడుం దెబ్బతింది. ఆపరేషన్‌కి తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరిగిపోతుంటే నేను కువైట్ బయల్దేరాను. మా పేటలో గల్ఫ్ వెళ్ళిన మనిషి లేని ఇల్లు తక్కువ, కాబట్టి ఎవరూ వద్దనలేదు. నేను పదో తరగతి దాకా చదవలేదు, అందుకని నా పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే గల్ఫ్ లాంటి చోట్లకి పనికి వెళ్ళాలంటే సర్కారు అనుమతి కావాలి. అలాంటి ఆడవాళ్ళని గల్ఫ్‌లో ఇంటిపనికి పంపాలంటే 2016 నుంచి ప్రభుత్వ సంస్థలే పంపాలట, ఆంధ్రాలో అయితే ఓంక్యాప్. ఆ సంగతి మాకెవరు చెప్పారు? ఏజెంటు నన్ను విజిట్ వీసా మీద దుబాయ్ ఎక్కించి, అక్కడి నుంచి కువైట్ పంపాడు. ఆ దారిలో వెళ్ళిన వాళ్ళ వివరాలు సర్కారు వాళ్ళ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎక్కవు, విదేశాలకి పనికి వెళ్ళేవాళ్ళకి ఉండే ప్రవాసీ బీమా కూడా ఉండదు. మనిషి అక్కడ ఉన్నట్టు మన సర్కారు కాగితాల్లోనే ఉండదన్నమాట.

నేను పనిచేసిన ఇంట్లో నా పేరు ఎవరూ పిలవలేదు. నాకు ముందు పనిచేసిన ఆవిడ పేరే నాకూ పెట్టేశారు. పిల్లలకి ఆ పేరు అలవాటైపోయిందని మామా చెప్పింది. (అక్కడ ఇంటి ఇల్లాలిని మామా అంటాం, ఇంటాయన్ని బాబా అంటాం.) తెల్లవారుజామున లేచి, రాత్రి దివానియాకి (మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే గది) వచ్చిన చుట్టాలు వెళ్ళాక గ్లాసులు కడిగి పడుకునేదాన్ని. నా పక్క బట్టలు ఉతికే గదిలో, మెషిన్ల మధ్యన. మొదట్లో జీతం సరిగ్గానే ఇచ్చారు. తర్వాత ఆపేశారు. ఇంటికి వెళ్ళేటప్పుడు మొత్తం ఒకేసారి ఇస్తాం అన్నారు. ఫోన్ కూడా తీసేసుకున్నారు. కొట్టిన సంగతులు ఇక్కడ రాయను, మా ఆయన ఇది చదువుతారు.

కఫీల్‌లందరూ (మన వీసా పెట్టుకునే యజమానులు) ఇలాగే ఉంటారని నేను అనను. మా పిన్ని కూతురు ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో పనిచేస్తోంది, ఆ మామా దాని కూతురి పెళ్ళికి బంగారం పెట్టింది. కానీ మంచి ఇల్లు దొరకడం, దొరక్కపోవడం మన అదృష్టం మీద ఉండకూడదు కదండీ. వీసా కఫీల్ చేతిలో, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) కఫీల్ చేతిలో, పాస్‌పోర్టు బీరువాలో. ఆ ఇంటి గుమ్మం దాటితే పారిపోయిందని కేసు పెడతారు. అంత అధికారం ఒక మనిషి మీద ఇంకో మనిషికి ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొట్టమొదట దండం పెట్టాల్సింది పక్కింటి ఫిలిప్పీన్స్ అమ్మాయికి. మా రెండిళ్ళ మేడలూ ఆనుకుని ఉండేవి. బట్టలు ఆరేసేటప్పుడు గోడ మీద నుంచి మాట్లాడుకునేవాళ్ళం. తనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ వచ్చింది వంటింటి అరబీ. జీతం లేదు, ఫోన్ లేదు అని చెప్తే ఆ అమ్మాయికి కోపం వచ్చింది, నా మీద జాలి పడలేదు. 2018లో వాళ్ళ దేశం అమ్మాయి, జోవన్నా దెమాఫెలిస్, కువైట్‌లో ఫ్రీజర్‌లో శవమై దొరికిందట. అప్పుడు ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కొత్తగా పనివాళ్ళని పంపడం ఆపేసి, పనిమనుషుల దగ్గర ఫోన్ ఉండాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్‌తో ఒప్పందం రాయించుకుంది. అందుకే తన ఫోన్ తన జేబులో ఉంది. ఆ ఫోన్ గోడ మీద నుంచి నాకు అందించి, నేను మా ఇంటితో మాట్లాడుతున్నంత సేపూ మెట్ల వైపు కాపలా కాసింది. నెలల తర్వాత మా అమ్మాయి గొంతు విన్నది ఆ ఫోన్‌లోనే. చెల్లీ, నీ భాషలో నీకు థ్యాంక్స్ ఎలా చెప్పాలో మా అమ్మాయి వెతికి పెట్టింది. సలామత్.

ఆ తర్వాత రాయచోటి అన్న. ఎదురింట్లో డ్రైవర్. రాత్రిపూట చెత్త సంచి బయట పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆయన పలకరించాడు. నేను ఫోన్‌లో ఏడ్చిన సంగతి ఫిలిప్పీన్స్ అమ్మాయి ద్వారా ఆయనకి తెలిసిందని అర్థమైంది. "యాడ్చొద్దుకా, ముందు నీ బతాకా సూపియ్" అన్నాడు. బతాకా అంటే సివిల్ ఐడి కార్డు. చెత్త డబ్బా పక్కన నిలబడి దాన్ని రెండు వైపులా ఫోటో తీసుకుని మా ఇంటికి పంపాడు. మనిషి ఎక్కడుందో, ఎవరి వీసా మీద ఉందో చెప్పే ఒక్క ఆధారం అదేనని చెప్పాడు. తర్వాత జరిగిన ప్రతి పనికీ ఆ ఫోటోయే పనికొచ్చింది. తనే కారులో ఎంబసీకి తీసుకెళ్తే పారిపోయిన మనిషిని దాచాడని ఆయన మీద కేసు పడుతుంది. అందుకని తెలిసిన టాక్సీ అతన్ని మాట్లాడి, డబ్బులు ముందే ఇచ్చి, ఏ సందు చివర ఎక్కాలో చెప్పాడు. అన్నా, ఆ టాక్సీ డబ్బులు మీరు తీసుకోనన్నారు. మీ ఇంటికి వచ్చి వదినకి చీర పెడతాను, అప్పుడు మాత్రం వద్దనకండి.

దయ్యా అనే ఏరియాలో ఉన్న మన ఎంబసీకి చేరేసరికి నా కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులే ఉన్నాయి. రిజిస్టర్ ముందు కూర్చున్నావిడ తెలుగులోనే "పేరేంటమ్మా?" అని అడిగింది. నా పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం అన్నీ చెప్పాను. ఆవిడ నిదానంగా రాసుకుంది. తర్వాత నన్ను ఆడవాళ్ళ షెల్టర్‌కి పంపారు. షెల్టర్ అంటే సుఖంగా ఉంటుందని కాదు. బయటికి వెళ్ళలేం, కేసు తేలేదాకా రోజులు గడవవు, రాత్రుళ్ళు ఎవరో ఒకరు ఏడుస్తూ ఉంటారు. కానీ అక్కడ గోదావరి జిల్లాల వాళ్ళం, కడప వాళ్ళం, తమిళ అక్కలు, ఒక పంజాబీ పెద్దావిడ, అందరం ఒకే గిన్నెలో వండుకుని ఒకేచోట కూర్చుని తిన్నాం. మా ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో నాకు ఇప్పటికీ విడిగా గ్లాసు పెడతారు. అక్కడ నా చేతి పులుసు అడిగి మరీ వేయించుకున్నారు. ఈ మాట ఎక్కడో ఒకచోట రాయాలి, అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు లాయరమ్మ గారి గురించి. ఆవిడ కువైట్ దేశస్థురాలు. మనవాళ్ళ తరఫున నిలబడి, వాళ్ళ దేశం మనిషి మీదే వాదించింది. మొదటిసారి కలిసినప్పుడు నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే పైకి లేపి, అక్కడున్న ఒక తెలుగామె చేత ఒక మాట చెప్పించింది. మా దేశంలోనే 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది, నువ్వు అడుగుతున్నది ఆ చట్టంలో ఉన్నదే, భిక్ష అడగడం లేదు, నిటారుగా కూర్చో అని. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు, జీతం ఆలస్యమైతే నెలకి 10 దినార్ల చొప్పున అదనంగా కట్టాలి, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ చట్టం ఉంది, నాకే తెలియదు.

ఇంటి పనివాళ్ళ తగాదాలు చూసే ఆఫీసులో పిలిచారు. మామా వచ్చింది. నా పాస్‌పోర్టు ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. జీతమంతా చేతికే ఇచ్చేశానంది. అధికారి రసీదులు అడిగారు. లేవంది. బ్యాంకులో వేసినట్టు కాగితం అడిగారు. అదీ లేదు. అప్పుడు లాయరమ్మ బల్ల మీద నా బతాకా ఫోటో, మా అమ్మాయి ఇక్కడి నుంచి పంపిన మా బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టింది. ఏ నెల నుంచి డబ్బు రావడం ఆగిపోయిందో అందులో కనబడుతోంది. నాకు రావాల్సిందంతా రాలేదు, నిజం చెప్పాలి కదా. రాజీలో కొంత వదులుకున్నాను. కోర్టుకి వెళ్తే ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు, ఇక్కడ మా ఆయన మంచం మీద ఉన్నారు. అయినా ఎక్కువ భాగం జీతం, నా పాస్‌పోర్టు నా చేతికి వచ్చాయి, నా మీద పెట్టిన పారిపోయిన కేసు తీసేశారు. టికెట్ ఎంబసీ సంక్షేమ నిధి నుంచి ఇచ్చారు. 2009లో పెట్టిన నిధి అట అది, మనలాంటి వాళ్ళ కోసమే.

శుక్రవారం తెలుగు ప్రార్థనకి వచ్చే అక్కలకి కూడా వందనాలు. వాళ్ళలో ఎక్కువమంది నాలాంటి ఖద్దామాలే (ఇంటి పనిమనుషులు), వారానికి ఒక్క పూట సెలవు. ఆ పూట కూడా మా కోసం తిరిగారు. బయల్దేరే ముందు ఒక సూట్‌కేస్ పంపారు. అందులో పాలపొడి డబ్బాలు, దుప్పటి, యాక్స్ ఆయిల్, మా అమ్మాయికి సెంటు సీసా. గల్ఫ్ నుంచి ఖాళీ చేతుల్తో దిగితే ఊళ్ళో ఏమంటారో వాళ్ళకి తెలుసు.

అన్నారు కూడా. "ఎంత తెచ్చావ్?" అని అడిగిన వాళ్ళని అర్థం చేసుకోగలను. "అక్కడ ఏం చేసి వచ్చిందో" అని వెనక అన్న వాళ్ళని మాత్రం క్షమించడం కష్టంగా ఉంది. అక్కడ పరాయిదాన్ని, ఇక్కడికొస్తే కువైట్ మనిషిని. అందరి ముందూ మా అత్త గుమ్మంలో నిలబడి, "నా కోడలు కష్టపడి నా కొడుకుని బతికించింది, ఇంకెవరైనా మాట్లాడితే ఇటు రండి" అని కేకేసింది. మా అత్త అంత గట్టిగా మాట్లాడటం నా కాపురంలో నేనెప్పుడూ వినలేదు. అత్తా, మీకు థ్యాంక్స్ చెప్తే కోప్పడతారు, అయినా ఇక్కడ రాస్తున్నాను.

ఇక మా అమ్మాయి కాలేజీ మాస్టారు. ఇది రెండు రాష్ట్రాల్లోనూ గల్ఫ్ కుటుంబాల వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. విదేశాంగ శాఖది మదద్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, 2015 నుంచీ ఉంది. ఏజెంట్ల చుట్టూ, నాయకుల చుట్టూ తిరక్కుండా ఫిర్యాదు నేరుగా అందులో పెట్టొచ్చు. మాస్టారు దగ్గర కూర్చుని మా అమ్మాయి చేత పెట్టించారు. సోమవారం గ్రీవెన్స్‌కి కూడా తనే తోడు వెళ్ళారు. ఎంబసీకి నేను చేరేసరికే నా ఫిర్యాదు వాళ్ళ దగ్గర ఉంది, రిజిస్టర్ దగ్గర ఆవిడ నన్ను మొదటి నుంచీ వివరం అడగాల్సిన పని లేకపోయింది. మాస్టారూ, మా పిల్ల మీ క్లాసులో ఒక విద్యార్థి, అంతే. మీరు మాకు చుట్టం కాదు, మా పేట వాళ్ళు కాదు. మీ రుణం మేం తీర్చుకోలేం.

ఏజెంటు మీద ఇక్కడ కేసు పెట్టాం, అది నడుస్తోంది. షెల్టర్‌లో నా పక్క మంచం మీద పడుకున్న పశ్చిమ గోదావరి ఆవిడ కేసు మాత్రం ఇంకా తేలలేదు. ఆవిడ భర్తకి నిన్న ఫోన్ చేశాను. ఆయనకి మదద్ అంటే తెలియదు, ఏజెంటుకి మళ్ళీ డబ్బు కట్టబోతున్నాడు. ఆపాను. ఆదివారం ఆవిడ పాస్‌పోర్టు జిరాక్స్ పట్టుకుని మా ఇంటికి వస్తున్నాడు, మా అమ్మాయి ఫారం నింపుతుంది, మాస్టారు కూడా వస్తానన్నారు.