మూత పెట్టిన పచ్చడి గ్లాసు

కడప,
17 ఏప్రిల్ 2025, గురువారం

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం అంది నెలన్నర దాటింది. జవాబు రాయలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది, అది న్యాయమే. రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి పాప ఆ కాగితంతో పడవ చేసుకుంది, రెండోసారి నాలుగు వాక్యాలు రాసేసరికి కుళాయి నీళ్ళు వచ్చాయి. ఈసారి పూర్తి చేయకుండా లేవకూడదని పట్టుదలగా కూర్చున్నాను. నన్ను క్షమించు.

ఇంటి సంగతులు తొందరగా చెప్పేస్తాను. అందరం క్షేమంగా ఉన్నాము. ఆయనకు మార్చి నెలాఖరు లెక్కల పని ముగిసింది. పెద్దవాడికి ఒంటిపూట బడులు, పాపకు ముందరి పళ్ళు రెండూ ఊడాయి. ఆడబిడ్డకు రెండో కాన్పు కావడంతో అత్తమ్మ అనంతపురంలోనే ఉన్నారు, మనవరాలు పుట్టింది. మామయ్యకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. మన ఎర్ర గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, దాని సంగతి ఎవరికీ చెప్పలేదు, నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది.

మా కింది వాటాలో ఉండే పెద్దమ్మ గురించి నీకు ఇదివరకు రాశాను. నువ్వు వచ్చినప్పుడు నీ జడ చూసి మెచ్చుకొని, మల్లెపూలు పెట్టి పంపింది ఆమే. పెద్దాయన పోయి నాలుగేళ్ళయింది, ఒక్కగానొక్క కొడుకు కువైట్‌లో పని చేస్తున్నాడు. పొద్దున్నే అందరూ పనులకూ బడులకూ వెళ్ళిపోయాక ఈ ఇంటిలో పైన నేను, కింద ఆమె, హాల్లో పేపరు చదువుకుంటూ మామయ్య, అంతే మిగులుతాము.

ఉగాది ఈసారి మార్చి 30, ఆదివారం వచ్చింది కదా. శనివారం కొత్త అమావాస్య. పండుగకు జమ్మలమడుగు నుంచి బావగారి కుటుంబం, మరిదివాళ్ళు కలిసి పదకొండుమంది వస్తామని కబురు చేశారు. ఓళిగలు ఏటా అత్తమ్మ చేతి మీదుగా నడిచే పని. నేను ఉండలు చేసివ్వడం, పెనం మీద తిప్పడం తప్ప పూర్ణం ఎప్పుడూ నా చేతికి రాలేదు. ఈసారి తప్పలేదు. కిలోన్నర శనగబ్యాళ్ళు, అంతే బెల్లం తూకం వేసుకొని, ఇల్లు కడిగి, మామిడాకులు తెప్పించి, మధ్యాహ్నం భోజనాలు కాగానే బ్యాళ్ళు కుక్కరులో పెట్టాను. సరిగ్గా అప్పుడే పాప మెట్ల మీద జారి పడి మోచేయి గీరుకుంది. దాన్ని ఊరుకోబెట్టి, పసుపు పెట్టి వచ్చేలోగా ఎన్ని విజిల్స్ వచ్చాయో లెక్క తప్పింది. ఓళిగల బ్యాళ్ళు వేళ్ళ మధ్య నొక్కితే విరగాలి కాని మెత్తబడిపోకూడదని అత్తమ్మ చెప్పిన మాట నాకు తెలుసు. మూత తీసేసరికి బ్యాళ్ళు పప్పు ముద్దలా అయి ఉన్నాయి. కట్టు వంచుదామంటే నీళ్ళతో పాటు పప్పు కూడా జారిపోతున్నది. అంత ఉడికిన దానిలో బెల్లం వేస్తే మరింత పలచబడుతుందని తెలిసి కూడా, ఆరిపోతుందిలే అన్న ఆశతో వేశాను. పాయసంలా అయి కూర్చుంది.

నాకు ఏడుపు వచ్చింది. అంత బెల్లం, అంత బ్యాళ్ళు పాడయ్యాయని ఒక బాధ. అత్తమ్మ లేని మొదటి పండుగనాడే నేను నిలబెట్టలేకపోయాను అనే బాధ దానికంటే పెద్దది. తిరుపతి హాస్టలులో పరీక్ష ముందు రాత్రి నేను పుస్తకం మూసి కూర్చుంటే, నువ్వు ఏమీ మాట్లాడకుండా పక్కన వచ్చి కూర్చున్నావు గుర్తుందా? ఆ రోజు నువ్వు ఉంటే బాగుండునని ఎంత అనిపించిందో చెప్పలేను.

పాప వెళ్ళి చెప్పినట్టుంది, పెద్దమ్మ పైకి వచ్చింది. అది ఆమెకు రంజాన్ నెలలో ఇరవై ఎనిమిదో రోజు ఒక్కపొద్దు. మార్చి చివరి ఎండ, మధ్యాహ్నం మూడు గంటల వేళ, తెల్లవారుజాము నుంచి గొంతులో చుక్క నీరు దిగని మనిషి పొయ్యి ముందు నిలబడింది. వద్దు పెద్దమ్మా అని నేను ఎంత చెప్పినా, “ఏం పోలేదు బిడ్డా, మాడితే చేయలేము గాని జారితే చేయొచ్చు” అని వెడల్పు బాణలి అడిగింది. ప్రొద్దుటూరులో వాళ్ళ పుట్టింటి పక్కన పండుగలకు ఓళిగలు చేసే ఇల్లు ఒకటి ఉండేదట, చిన్నప్పుడు ఆ ఇంటి వంటగదిలోనే నేర్చుకుందట. పదకొండేళ్ళుగా ఒకే గోడల మధ్య ఉంటూ ఆ సంగతి నాకు తెలియదు.

సన్న మంట మీద పెట్టి, చెంచాడు నెయ్యి వేసి, అడుగు అంటకుండా ముప్పావుగంట తిప్పింది. నడుమ నడుమ నేను తిప్పాను. ఉడుకుతున్న పూర్ణం చిటపటమని ఎగిరి ఆమె మణికట్టు మీద పడితే కొంగుతో తుడుచుకొని మళ్ళీ గరిటె పట్టుకుంది. ఇంకా కాస్త జిగట ఉంటే గుప్పెడు పుట్నాలు పొడి కొట్టి కలపమంది. తరువాత మంచం మీద తెల్ల పంచె పరిపించి పూర్ణమంతా పలచగా పరిచింది. గుడ్డ తడి పీల్చేసింది. ఇంత ఉండ చేసి పళ్ళెం మీద దొర్లిస్తే చేతికి అంటలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించినది వేరే ఉంది. తీపి సరిపోయిందో లేదో చూడాలి కదా, ఆమె నోట పెట్టకూడదు. బాణలి మీదికి వంగి వాసన చూసి, “బెల్లం పచ్చివాసన ఇంకా పోలేదు, ఐదు నిమిషాలు తిప్పు” అనేది. మరికాసేపటికి మళ్ళీ వాసన చూసి, “ఇప్పుడు యాలకులు వేయి” అనేది. ఆఖరుకు పాపను పిలిచి దాని నాలుక మీద చిటికెడు పెట్టి, దాని ముఖం చూసి, సరిపోయిందని తేల్చింది. చిట్టీ, అక్కడ నేను ఒక తప్పు చేశాను. ఆమె నుదుటి మీద చెమట కారడం చూసి, ఏమీ ఆలోచించకుండా, అలవాటుగా గ్లాసుతో చల్లని నీళ్ళు అందించాను. ఇచ్చిన మరుక్షణం నా గుండె గుభేలుమంది. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ గ్లాసు తీసుకొని, కిటికీ మీద పిట్టల కోసం పెట్టిన మూకుడులో ఆ నీళ్ళు పోసి, గ్లాసు నా చేతికి ఇచ్చి, నా బుగ్గ మీద చేయి వేసింది. ఆ చేయి ఎంత వేడిగా ఉందో ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంది.

రాత్రి తొమ్మిదికల్లా డెబ్బై రెండు ఓళిగలు అయ్యాయి. ఒక్కటీ చిరగలేదు. వంట ముందుగానే ముగిసింది కాబట్టి ఇంకొక భాగ్యం దక్కింది. ఇన్నేళ్ళుగా ఉగాది పొద్దు నాకు వంటగదిలోనే తెల్లవారుతున్నది. దేవుని కడప గుడిలో ఆ రోజు ఏమి జరుగుతుందో విన్నాను గాని కళ్ళతో చూడలేదు. “రేపు నాతో రా” అని పెద్దమ్మ అడిగింది.

తెల్లవారుజామున ఆమె సహరీ భోజనం, నమాజు ముగించుకొని వచ్చింది. చేతి బుట్టలో కొబ్బరికాయ, బెల్లం, చింతపండు, వేపపూత. పిల్లలను తీసుకొని ఆటోలో వెళ్ళాము. ఆ వరుసను నువ్వు చూడాలి. బురఖాలు వేసుకున్న ఆడవాళ్ళు, టోపీలు పెట్టుకున్న పెద్దలు, చంకలో పిల్లలతో అమ్మలు, మాలాంటివాళ్ళు అందరూ ఒకే వరుసలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామి దర్శనానికి నిలబడి ఉన్నారు. తిరుమల కొండకు ఇది తొలి గడప అని, అన్నమయ్య ఈ కడపరాయుడి మీద ఎన్నో కీర్తనలు పాడాడని మనం చదువుకున్నాము. కాని బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా, స్వామిని తమ అల్లుడిగా తలచి, ఏటేటా ఉగాదికి ముస్లిములు సారె తెచ్చినట్టు వస్తువులు తెస్తారన్న మాటకు అర్థం ఏమిటో ఆ వరుసలో నిలబడ్డాకే నాకు తెలిసింది. పెద్దవాడు, నువ్వెందుకు వచ్చావు నానమ్మా అని అడిగితే, “పండగ పూట కూతురింటికి ఒట్టి చేతులతో పోతామా నాయనా” అంది పెద్దమ్మ. స్వామి ముందు చాలాసేపు కళ్ళు మూసుకొని నిలబడింది. తీర్థం మాత్రం చేతిలో పోయించుకోలేదు, చిన్న సీసాలో పట్టించుకొని కొంగున ముడి వేసుకుంది.

ఇంటికి వచ్చాక ఉగాది పచ్చడి చేశాను. దేవుడికి పెట్టి, అందరికీ ఇచ్చి, ఒక స్టీలు గ్లాసులో పెద్దమ్మకు పోసి కిందికి పంపాను. పంపిన తరువాత గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. ఒక రోజుకు ఒక తప్పు చాలదా అనుకున్నాను. దిగి వెళ్ళి చూస్తే ఆ గ్లాసు మీద మూత పెట్టి, దాని పక్కన తీర్థం సీసా పెట్టి, రెండూ గూటిలో భద్రంగా ఉంచింది. సరిగ్గా అప్పుడే కువైట్ నుంచి కొడుకు ఫోను వచ్చింది. అక్కడ రంజాన్ పండుగ ఆ రోజే. అతను కొత్త బట్టలు వేసుకొని కనిపిస్తున్నాడు, ఇక్కడ తల్లి ఇంకా ఒక్కపొద్దులో ఉంది. “తిన్నావా, మంచి సేమ్యా దొరికిందా” అని ఆమె మళ్ళీ మళ్ళీ అడుగుతున్నది. నేను అక్కడ నిలబడలేక పైకి వచ్చేశాను.

మా చుట్టాలు వచ్చారు, తిన్నారు, ఓళిగలు మెచ్చుకున్నారు, వెళ్ళారు. పాప మాత్రం పగలంతా నాలుగుసార్లు కిందికి వెళ్ళి, పచ్చడి ఇంకా తినలేదా అని అడిగి వచ్చింది. సాయంత్రం ఆరున్నర కావస్తుండగా మేము కిందికి వెళ్ళాము. మసీదు నుంచి బాంగు వినబడింది. ముందు ఖర్జూరం నోట వేసుకుంది, తరువాత సీసాలోని తీర్థం అరచేతిలో పోసుకొని తాగింది, ఆ తరువాత మూత తీసి పచ్చడి తాగింది. ఇరవై తొమ్మిది రోజుల ఉపవాసం చివరి సాయంత్రం ఆమె నోటికి వేపపూత చేదు తగిలింది. ఒక పువ్వు పంటి కింద పడినట్టుంది, కళ్ళు చిన్నవి చేసి, పాపను చూసి నవ్వింది. ఆ ముఖం నేను…

అంతలో వీధిలో పిల్లల కేకలు. మిద్దె మీదికి పరుగెత్తాము. పడమట గోరు గీసినంత సన్నగా నెలవంక. మామయ్య కూడా మోకాలి నొప్పి మరిచి మెట్లు ఎక్కారు. మన చైత్ర మాసమూ వాళ్ళ షవ్వాల్ నెలా ఈసారి ఒకే చంద్రుడితో మొదలయ్యాయని, పోయిన ఏడు కూడా ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాన్ వచ్చాయని ఆయన పిల్లలకు చెప్పారు. మనం అధికమాసం కలుపుకొని ఋతువుల దగ్గరే ఉంటాము, వాళ్ళు కలపరు కాబట్టి వాళ్ళ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అందుకే ఈ రెండు పండుగలూ ఇలా పక్కపక్కన రావడం రెండు మూడేళ్ళ ముచ్చట, మళ్ళీ చాలా ఏళ్ళ దాకా రాదు. అప్పటికి పెద్దమ్మ… వద్దులే.

ఆ రాత్రి పదకొండు దాకా నేను ఆమె వంటగదిలో ఉన్నాను. సారపప్పు, ఖర్జూరం, బాదం సన్నగా తరగడం, నేతిలో సేమ్యా ఎర్రగా వేయించడం నా పని. పాలు ఎంత మరగాలో ఆమె చెప్పింది. ఈసారి రుచి చూడడానికి ఆమె ఉంది.

పోయిన ఉత్తరంలో నువ్వు ఒక ప్రశ్న అడిగావు. ఇంత చదివి ఇంట్లో ఉండిపోయావే, విసుగు రాదా అని. ప్రేమతోనే అడిగావని తెలుసు, అయినా ఆ మాట చాలా రోజులు లోపల మెదిలింది. వస్తుంది చిట్టీ, కొన్ని మధ్యాహ్నాలు చాలా వస్తుంది, దాచను. కాని ఆ శనివారం మూడు గంటలకు నేను ఇంట్లో ఉన్నాను, ఆమె ఇంట్లో ఉంది. మేము ఇద్దరం లేకపోతే ఆ పూర్ణమూ లేదు, ఆ గ్లాసూ లేదు. నా జవాబు ఇంతకంటే బాగా చెప్పడం నాకు ఇంకా రావడం లేదు, తీరికగా ఆలోచించి మళ్ళీ రాస్తాను. నీ బదిలీ విషయం కూడా అడగాలనుకున్నాను, అమ్మ కళ్ళ ఆపరేషను తేదీ ఖాయమైతే

మబ్బు పట్టింది. పొద్దున పెద్దమ్మా నేనూ మిద్దె మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టాము, ఆమె కింది నుంచి కేక వేస్తోంది. చినుకులు పడుతున్నాయి, ఉంటాను.

నీ
నేను