రీమా లాగూ నవ్వులున్న టేపులను కాపాడండి
(కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు.

హిందీ, మరాఠీ నటి రీమా లాగూ గారు 2017 మే 18న ముంబైలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 59 ఏళ్లు ఇంకా నిండలేదు. ముందు రోజు దాకా సీరియల్ షూటింగులో ఉన్న మనిషి. పేపర్లు, టీవీ చానళ్లు ఆమెను ‘తెర మీది అమ్మ’గానే తలుచుకున్నాయి. తెలుగువాళ్లకూ ఆమె అలాగే తెలుసు. ‘ప్రేమ పావురాలు’లో సల్మాన్ ఖాన్‌కి అమ్మ, ‘ప్రేమాలయం’లో మాధురీ దీక్షిత్‌కి అమ్మ. మా ఇంట్లో మాత్రం ఆమె అమ్మ కాదు, అత్తగారు.

నేను 1995లో పెళ్లయి తెనాలిలో కాపురానికి వచ్చాను. కేబుల్ టీవీలో దూరదర్శన్ మెట్రో చానల్ వచ్చేది. అందులో ‘తూ తూ మై మై’ అనే హిందీ సీరియల్. రీమా లాగూ అత్త, సుప్రియా పిల్గావ్‌కర్ కోడలు. కథంతా వాళ్లిద్దరి కీచులాటే. మా అత్తగారికి హిందీ ఒక్క ముక్క రాదు. నాకు స్కూల్లో చదివిన హిందీ కొద్దిగా వచ్చు. మొదట్లో నేను పక్కన కూర్చుని అర్థం చెప్పేదాన్ని. నాలుగైదు వారాలు పోయాక, “నువ్వు ఊరుకోవే, ఆవిడ మొహం చూస్తే తెలిసిపోవట్లా?” అన్నారు.

నిజంగానే తెలిసిపోయేది. కోడలు ఏదో అనగానే రీమా లాగూ వెంటనే బదులు చెప్పేవారు కాదు. ఒక్క క్షణం ఆగి, కళ్లు పెద్దవి చేసి, కొడుకు వైపు ఒక చూపు చూసి, అప్పుడు అనేవారు. మా అత్తగారికి ఆ ఆగడంలోనే నవ్వొచ్చేసేది, మాట దాకా అక్కర్లేదు. ఎదురుగా జనం నవ్వుతుంటే ఆ నవ్వు ఎక్కడ తగ్గుతుందో కనిపెట్టి తర్వాతి మాట అందుకోవడం నాటకాలవాళ్ల విద్య. ఆమె మరాఠీ రంగస్థలం నుంచి వచ్చారు. వాళ్లమ్మ మందాకినీ భడ్‌భడే కూడా నాటకాల నటే. స్టూడియోలో కెమెరా ముందు ఎదుట జనం ఉండరు. అయినా మా తెనాలి ఇంట్లో నవ్వెప్పుడు ఆగుతుందో ఆమెకు తెలిసినట్టే ఉండేది.

వయసుల సంగతి నేను తర్వాత లెక్క వేసుకున్నాను. ఆ సీరియల్ మొదలయ్యేనాటికి ఆమెకు 36 ఏళ్లు. కోడలిగా వేసిన సుప్రియకూ ఆమెకూ తొమ్మిదేళ్లే తేడా. సల్మాన్ ఖాన్ కంటే ఏడున్నరేళ్లే పెద్ద, కానీ 31 ఏళ్లకే అతనికి తల్లయ్యారు. మన సినిమా ఆమెకు వయసుకు తగ్గ వేషాలు ఇవ్వలేదు. ఇవ్వని చోట ఏడుస్తూ నిలబడే అమ్మగా ఉండిపోయారు. టీవీ కామెడీ ఒక్కటే ఆమె చేతికి కథను పూర్తిగా ఇచ్చింది. ‘శ్రీమాన్ శ్రీమతి’ సీరియల్లో ఆమె వేసిన కోకిల కులకర్ణి పాత్ర కూడా అంతే. ఎదురుగా జతిన్ కనకియా, రాకేష్ బేడీ, అర్చనా పూరణ్ సింగ్ వంటి గట్టి నటులు ఉంటే, వాళ్ల గోల మధ్య ఒక్క నిట్టూర్పుతో సీను తనవైపు లాక్కునేవారు. అందుకే ఆమె అసలు పనితనం సినిమాల్లో కంటే ఆ సీరియళ్లలోనే ఎక్కువ ఉందని నేను నమ్ముతాను. ఈ లేఖ రాయడానికి కారణం కూడా అదే.

సినిమా పాడైపోకుండా చూడటానికి మనకు పూణేలో 1964 నుంచి ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. పాత సినిమాలను బాగు చేయడానికి ప్రభుత్వం వందల కోట్లతో జాతీయ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ పెట్టింది. చాలా మంచి పని. అంటే ‘ప్రేమ పావురాలు’లో ఆమె అమ్మ పాత్రకు ఏ భయం లేదు. ‘తూ తూ మై మై’లో అత్త పాత్ర సంగతి ఏమిటి? ఆనాటి సీరియళ్లు వీడియో టేపుల మీద తీసినవి. టేపుకు తేమ శత్రువు. బూజు పడుతుంది, అయస్కాంత పూత ఊడి వస్తుంది. టేపు బాగున్నా దాన్ని ఆడించే మెషీన్లు ఇప్పుడు తయారు కావడం లేదు. పైగా టేపు ఖరీదుగా ఉన్న రోజుల్లో పాతది చెరిపేసి దాని మీదే కొత్త కార్యక్రమం ఎక్కించడం ప్రపంచంలో చాలా ప్రసార సంస్థలకు ఉన్న అలవాటు. కామెడీ అంటే ‘తేలిక’ సరుకు కాబట్టి, చెరిపేటప్పుడు చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. ఇది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

హక్కుల చిక్కు కూడా ఉంది. ఆ రోజుల్లో చాలా సీరియళ్లను బయటి నిర్మాతలు స్పాన్సర్ల డబ్బుతో తీసి దూరదర్శన్‌లో వేసేవారు. ప్రసారం చేసింది ఒకరు, టేపు ఉన్నది మరొకరి దగ్గర. రీమా లాగూ చనిపోయిన ఏడాది మా అత్తగారు ‘తూ తూ మై మై’ మళ్లీ చూడాలన్నారు. ఇంటర్నెట్‌లో ముక్కలు ముక్కలుగా, మసకగా, వరస లేకుండా కొన్ని దొరికాయి. ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

జాగ్రత్తగా దాచితే ఏమవుతుందో 2020లో అందరం చూశాం. లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ‘రామాయణం’తో పాటు ‘శ్రీమాన్ శ్రీమతి’ని కూడా మళ్లీ ప్రసారం చేసింది. బయట అంత టెన్షన్, పేపరు తీసుకోవాలన్నా భయం. ఆ పూట అరగంట మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వించిన మనిషి పోయి అప్పటికి మూడేళ్లు.

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. దూరదర్శన్‌లో వచ్చిన కామెడీ సీరియళ్లలో ఏ ఎపిసోడ్ ఏ స్థితిలో, ఎవరి దగ్గర ఉందో ఒక జాబితా తీయించి ప్రజల ముందు పెట్టండి. మిగిలిన టేపులను డిజిటల్‌లోకి ఎక్కించండి, బయటి నిర్మాతల దగ్గర ఉన్నవాటిని వాళ్ల హక్కులు వాళ్లకే ఉంచి ప్రభుత్వ ఖర్చుతో ఎక్కించండి. ఇందుకు కొత్త సంస్థ అక్కర్లేదు. దూరదర్శన్‌కు ఆర్కైవ్ ఉంది, దాన్ని నడిపే ప్రసార భారతి 2024 నవంబరులో మొదలుపెట్టిన ‘వేవ్స్’ అనే ఓటీటీ ఉంది. జాబితా హిందీతో ఆపొద్దు. రామంతపూర్‌లోని దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977 నుంచి తీసిన తెలుగు నాటికలు, ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి ‘ఆనందో బ్రహ్మ’ వంటి సీరియళ్లు మాకు అంతే ప్రాణం. ఆ నాటికల్లో పక్కింటి పిన్నిగా, గయ్యాళి వదినగా వేసి మమ్మల్ని నవ్వించిన నటీమణుల్లో చాలామంది పేర్లు కూడా మాకు గుర్తు లేవు. టేపు చివర పడే పేర్లలోనే వాళ్లు మిగిలి ఉన్నారు. టేపు పోతే ఆ పేరూ పోతుంది.

ఇంకొక్క విన్నపం. ఈ సీరియళ్లకు తెలుగుతో సహా భారతీయ భాషల్లో సబ్‌టైటిల్స్ వేయించండి. మా ఇంట్లో ఇప్పటికీ అత్తాకోడళ్లం మాటా మాటా అనుకుంటే మా ఆయన “చాల్లెండి మీ తూతూ మైమై” అంటారు. మా అత్తగారికి 84 ఏళ్లు. చెవులు దాదాపు వినబడవు, కళ్లు మాత్రం బాగున్నాయి, పొద్దున్నే పేపరు మొత్తం చదువుతారు. ఇన్నేళ్లూ రీమా లాగూ మొహం చూసి నవ్వారే గానీ, ఆమె అసలు ఏమన్నారో మా అత్తగారికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేలా చూడండి.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక కోడలు